దాచిన సంగతి కూడా తెలియనీయని డిస్క్ ఎన్‌క్రిప్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసుకోవడం ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. ఇక్కడ చెప్పేది దానికి పై మెట్టు. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లు కొన్ని ఉన్నాయన్న సంగతే ఎదుటివాడికి రుజువు కాకుండా చూసుకోవడం. వెరాక్రిప్ట్, క్రిప్ట్‌సెటప్, షఫుల్‌కేక్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ఇది ఎంతవరకు కుదురుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది అనేది కింద వివరంగా రాశాను. ఆధారాలు ఇచ్చినవాళ్ల పేర్లు కాపాడాల్సిన విలేకరులు, హక్కుల కార్యకర్తలు, ఇంట్లోనే నిఘా కింద బతికేవాళ్లు ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద భద్రతంతా పెట్టుకుంటారు. అందుకే గొప్పలు తగ్గించి, హద్దులు ఎక్కువ చెప్పాను.

మామూలు డిస్క్ ఎన్‌క్రిప్షన్‌కీ దీనికీ తేడా ఏమిటి?

మామూలు ఎన్‌క్రిప్షన్ డేటాను దాస్తుంది గానీ, తాళం వేసి ఉందన్న సంగతిని దాచదు. లినక్స్‌లో ఎక్కువమంది వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి లక్స్. దానితో తయారైన పార్టిషన్‌నే తీసుకోండి. దాని మొదటి నాలుగు బైట్లలో "లక్స్" అన్న ఇంగ్లిషు అక్షరాలు ఏ దాపరికమూ లేకుండా రాసి ఉంటాయి. ఆ వెనకే ఏ సైఫర్ (డేటాను చదవరాకుండా మార్చే లెక్క) వాడారో, ఎన్ని పాస్‌వర్డ్‌లు పెట్టారో కూడా ఉంటుంది. డిస్క్ చేతికి చిక్కిన ఎవరికైనా ఇదంతా ఒక్క కమాండ్‌తో తెలిసిపోతుంది. ఇక వాళ్లు సైఫర్ జోలికి పోరు, మీ జోలికి వస్తారు. పాస్‌వర్డ్ చెప్పమంటారు.

కాదనే వీలున్న ఎన్‌క్రిప్షన్‌లో ఒకే కంటైనర్‌కు (ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్లన్నీ ఇమిడే పెద్ద ఫైలుకు లేదా డిస్క్‌కు) రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి కొడితే కొన్ని ఫైళ్లు తెరుచుకుంటాయి, ఇంకొకటి కొడితే వేరే ఫైళ్లు. మొదటివి ఉండే చోటును బయటి వాల్యూమ్ అని, రెండోవి ఉండే చోటును హిడెన్ వాల్యూమ్ అని అంటారు. పాతకాలపు భోషాణంలో దొంగ అర ఉన్నట్టు అనుకోండి. మూత తీసి చూపించినా ఆ అర కనబడదు. బలవంతం మీద మొదటి పాస్‌వర్డ్ చెప్పేసినా, రెండోది ఉందని డిస్క్‌లోని బైట్లను చూసి ఎవరూ రుజువు చేయలేరు. లేదని మీరు కూడా రుజువు చేయలేరు. ఈ రెండో సగాన్ని చాలామంది మరిచిపోతారు, దాని గురించి ముందు ముందు మళ్లీ మాట్లాడతాను.

అసలు నాకు ఇది అవసరమా?

ల్యాప్‌టాప్ పోతే ఫైళ్లు ఎవరి చేతిలోనూ పడకూడదన్నదే మీ భయమైతే అవసరం లేదు. లక్స్ గానీ వెరాక్రిప్ట్‌తో మామూలు ఎన్‌క్రిప్షన్ గానీ చాలు. దొంగ మిమ్మల్ని పాస్‌వర్డ్ అడగడానికి రాడు.

మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి పాస్‌వర్డ్ అడిగే అధికారమో బలమో ఉన్న మనిషి మీకు ఉన్నాడా? ఉంటే, ఒక పాస్‌వర్డ్ చెప్పగానే ఆ మనిషి తృప్తిపడి వదిలేస్తాడా? ఈ రెండింటికీ అవునన్నప్పుడే హిడెన్ వాల్యూమ్‌కు అర్థం ఉంది. సరిహద్దు తనిఖీలో పది నిమిషాలు చూసి పంపించేసేవాళ్లు, ఇంట్లో ఫైళ్లు తిరగేసేవాళ్లు ఈ కోవకు వస్తారు. నెలల తరబడి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో డిస్క్‌ను పరీక్షించగలిగేవాళ్లు వేరే కోవ. వాళ్ల ముందు ఇది నిలబడాలంటే కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక్కటి కూడా తప్పకుండా పాటించాలి. నా ఉద్దేశంలో అంత పద్ధతిగా ఉండగలిగేవాళ్లు తక్కువ. అలా ఉండలేనప్పుడు ప్రమాదమైన ఫైలును వెంట తీసుకెళ్లకపోవడమే మంచిది.

హిడెన్ వాల్యూమ్ లోపల ఎలా పనిచేస్తుంది?

వెరాక్రిప్ట్ కంటైనర్‌ను బైట్ల లెక్కలో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి 65,536 బైట్లు బయటి వాల్యూమ్ హెడర్ (వాల్యూమ్ వివరాలు, తాళంచెవులు ఉండే భాగం) కోసం కేటాయించినవి. నిజానికి అందులో వాడేది 512 బైట్లే. వాటిలో మొదటి 64 బైట్లు సాల్ట్ (పాస్‌వర్డ్‌తో కలిపే యాదృచ్ఛిక బైట్లు), మిగతాదంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఆ తర్వాతి 65,536 బైట్లు హిడెన్ వాల్యూమ్ హెడర్ చోటు. మీరు హిడెన్ వాల్యూమ్ పెట్టుకోకపోయినా ఆ చోటు ఉంటుంది, అప్పుడు అందులో అర్థంలేని యాదృచ్ఛిక బైట్లు ఉంటాయి. అసలు డేటా 131,072వ బైటు దగ్గర మొదలవుతుంది. ఫైలు చివర మరో 131,072 బైట్లలో రెండు హెడర్ల నకళ్లు ఉంటాయి.

మీరు పాస్‌వర్డ్ కొట్టగానే వెరాక్రిప్ట్ మొదటి హెడర్‌లోని సాల్ట్‌తో దాన్ని కలిపి, లక్షల సార్లు హాష్ చేసి (వెనక్కి తిప్పలేని లెక్కలోంచి పంపి) ఒక తాళంచెవి తయారుచేస్తుంది. ఆ తాళంచెవితో హెడర్‌ను డీక్రిప్ట్ చేసి, అందులో "వెరా" అన్న నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, సరిపోయే చెక్‌సమ్‌లు వచ్చాయా అని చూస్తుంది. వస్తే బయటి వాల్యూమ్ తెరుచుకుంటుంది. రాకపోతే రెండో చోటికి వెళ్లి మళ్లీ అదే ప్రయత్నం చేస్తుంది. అక్కడ వస్తే హిడెన్ వాల్యూమ్ తెరుచుకుంటుంది. రెండు చోట్లా రాకపోతే పాస్‌వర్డ్ తప్పంటుంది. సాఫ్ట్‌వేర్‌కే హిడెన్ వాల్యూమ్ ఉందో లేదో ముందుగా తెలియదు, సరైన పాస్‌వర్డ్ పడ్డాకే తెలుస్తుంది.

హిడెన్ వాల్యూమ్ ఫైళ్లు బయటి వాల్యూమ్ ఖాళీ స్థలంలో, చివరి భాగంలో కూర్చుంటాయి. కంటైనర్ తయారుచేసేటప్పుడు ఖాళీ స్థలమంతా యాదృచ్ఛిక బైట్లతో నింపుతారు. బాగా ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కూడా తాళంచెవి లేనివాడికి అచ్చం అలాగే కనిపిస్తుంది. ఏది ఖాళీ, ఏది ఫైలు అని వేరు చేయడం కుదరదు. మొత్తం కట్టడమంతా ఈ ఒక్క పోలిక మీద నిలబడి ఉంది. పెద్ద డిస్క్ మీద ఈ నింపుడుకు గంటలు పడుతుందని క్విక్ ఫార్మాట్ వైపు చెయ్యి వెళ్తుంది. వెళ్లనీయకండి. నింపని డిస్క్‌లో పాత డేటా, సున్నాల మధ్య హిడెన్ వాల్యూమ్ ఒక దీవిలా తేలి కనిపిస్తుంది. అవసరం మేరకు పెరిగే డైనమిక్ కంటైనర్ కూడా ఇదే కారణంగా పనికిరాదు.

బయటి వాల్యూమ్‌లో ఫైళ్లు పెడుతుంటే లోపలివి చెరిగిపోవా?

చెరిగిపోతాయి. జాగ్రత్తపడకపోతే తప్పకుండా చెరిగిపోతాయి.

40 జీబీ కంటైనర్, దాని లోపల 10 జీబీ హిడెన్ వాల్యూమ్ ఉందనుకుందాం. బయటి పాస్‌వర్డ్ ఒక్కటే ఇచ్చి తెరిస్తే విండోస్‌కు గానీ లినక్స్‌కు గానీ కనిపించేది దాదాపు 40 జీబీల డ్రైవ్. చివరి 10 జీబీలో ఏదో ఉందని వాటికి ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. 25 జీబీ నింపారు, ఏమీ కాలేదు. ఇంకో 8 జీబీ వీడియో కాపీ చేశారు. అది 30 జీబీ గీత దాటి హిడెన్ వాల్యూమ్ మీదికి వచ్చి కూర్చుంటుంది. ఏ హెచ్చరికా రాదు. తర్వాత ఎప్పుడో రెండో పాస్‌వర్డ్ కొడితే హెడర్ బాగానే ఉంటుంది కాబట్టి వాల్యూమ్ తెరుచుకుంటుంది, లోపలి ఫైల్ సిస్టమ్ (ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే అమరిక) మాత్రం ముక్కలై ఉంటుంది.

దీనికి వెరాక్రిప్ట్‌లో ఒక ఏర్పాటు ఉంది. బయటి వాల్యూమ్ మౌంట్ చేసేటప్పుడు (డ్రైవ్‌గా తెరిచేటప్పుడు) మౌంట్ ఆప్షన్స్‌లో హిడెన్ వాల్యూమ్‌ను కాపాడమనే పెట్టె టిక్ చేసి, రెండో పాస్‌వర్డ్ కూడా ఇవ్వాలి. అప్పుడు హిడెన్ వాల్యూమ్ తెరుచుకోదు, దాని సరిహద్దులు మాత్రం సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తాయి. ఏ ప్రోగ్రామైనా ఆ గీత దాటి రాయబోతే రాత ఆపేసి, డిస్‌మౌంట్ చేసేదాకా వాల్యూమ్ మొత్తాన్ని చదవడానికే పరిమితం చేస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఎప్పుడు తెరిచినా ఇలాగే తెరవండి. ఎదుటివాడి సమక్షంలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, ఎందుకంటే అప్పుడు వెరాక్రిప్ట్ విండోలో వాల్యూమ్ రకం మామూలు అని కాకుండా బయటిది అని కనిపిస్తుంది.

బయటి వాల్యూమ్‌కు ఫ్యాట్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఎంచుకోండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన సొంత లెక్కల్లో కొన్నింటిని వాల్యూమ్ నట్టనడుమ రాసుకుంటుంది. అందుకని హిడెన్ వాల్యూమ్ రెండో సగంలోనే ఇమడాలి. ఫ్యాట్ పెడితే పైగా ఏ పెద్ద ఫైలూ లేకుండా పెన్‌డ్రైవ్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఎందుకన్న ప్రశ్న మీ మీదికి రాకుండా ఉంటుంది.

బయటి వాల్యూమ్‌లో ఏం పెట్టాలి?

నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. సాఫ్ట్‌వేర్ చేయగలిగింది అది చేసేస్తుంది. మీ మాట నమ్మబుద్ధి అయ్యేలా చేయాల్సింది బయటి వాల్యూమే.

పాటలు, ఇంటర్నెట్ నుంచి దించిన పీడీఎఫ్‌లు నాలుగు పడేసి వదిలేస్తే చూసినవాడికి మొదటి నిమిషంలోనే అనుమానం వస్తుంది. ఇవి దాచడానికి 20 అక్షరాల పాస్‌వర్డ్ ఎందుకు పెట్టుకున్నావని అడుగుతాడు. ఏ మనిషైనా సహజంగా తాళం వేసుకునేవే అక్కడ ఉండాలి: పన్ను కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వైద్య పరీక్షల నివేదికలు, ఇతరులకు చూపించడానికి మొహమాటపడే సొంత ఫొటోలు, డైరీ. అవి నిజమైనవే అయి ఉండాలి. బయటపడ్డా మీకూ ఇతరులకూ హాని లేనివై ఉండాలి.

ఇక తేదీలు. కంటైనర్ ఫైలును నిన్న వాడినట్టు కంప్యూటర్‌లో ఆనవాళ్లు ఉండి, లోపలి ఫైళ్లన్నీ రెండేళ్ల కిందటి ఒకే మధ్యాహ్నం నాటివైతే, మిగతా రోజుల్లో ఇందులో ఏం తెరిచావన్న ప్రశ్నకు జవాబు ఉండదు. అందుకే బయటి వాల్యూమ్‌ను నిజంగా వాడుతూ ఉండాలి. కొత్త స్టేట్‌మెంట్ వచ్చినప్పుడల్లా అందులో వేయడం అలవాటు చేసుకోండి. కంటైనర్ ఫైలు మీద చివరిసారి మార్చిన సమయాన్ని వెరాక్రిప్ట్ మామూలుగా మారనీయదు, ఆ సెట్టింగ్‌ను అలాగే ఉంచండి. పరిమాణం కూడా చూసుకోండి: 500 జీబీ కంటైనర్‌లో 300 ఎంబీ కాగితాలు ఉంటే మిగతా స్థలం గురించి అడగడానికి నిపుణుడు అక్కర్లేదు.

కంటైనర్ ఉందన్న సంగతినైనా దాచవచ్చా?

అంత తేలిక కాదు. ఏ గుర్తింపు బైట్లూ లేని, పరిమాణం 512తో నిశ్శేషంగా భాగించబడే, మొదటి నుంచి చివరిదాకా గణాంక పరీక్షలో పూర్తి యాదృచ్ఛికంగా తేలే పెద్ద ఫైలు మామూలు కంప్యూటర్‌లో అరుదు. ఈ లక్షణాలను బట్టే డిస్క్ మొత్తం జల్లెడపట్టి కంటైనర్లను ఏరే ప్రోగ్రాములు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫైలుకు వీడియో పేరు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. అది తెరుచుకోని వీడియో అవుతుంది, అంతే. కాబట్టి కంటైనర్ ఉందని ఒప్పుకోవడానికి సిద్ధపడే ఉండండి. మీరు కాదనగలిగేది దాని లోపలి రెండో వాల్యూమ్‌ను మాత్రమే.

లక్స్‌తో ఇది కుదరదా?

హిడెన్ వాల్యూమ్ అన్న ఏర్పాటు లక్స్‌లో లేదు. రెండు దగ్గరి దారులున్నాయి.

ఒకటి, హెడర్‌ను విడదీసి వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంచడం. లక్స్‌ను నడిపే ప్రోగ్రామ్ క్రిప్ట్‌సెటప్ ఇందుకు వీలిస్తుంది. అప్పుడు డిస్క్ మీద యాదృచ్ఛిక బైట్లే మిగులుతాయి. మీరు దాన్ని అమ్మడానికి తుడిచిన డిస్క్ అని చెప్పుకోవచ్చు. ఆ మాట నిలబడేది హెడర్ ఉన్న పెన్‌డ్రైవ్ దొరకనంతవరకే. అది పోతే మీ డేటా కూడా పోయినట్టే.

రెండోది, క్రిప్ట్‌సెటప్‌లోని ప్లెయిన్ పద్ధతి. దీనికి హెడరే లేదు, సాల్ట్ లేదు, పాస్‌వర్డ్‌ను నెమ్మదింపజేసే లక్షల హాష్‌లూ లేవు. బలహీనమైన పాస్‌వర్డ్ పెడితే ఊహించి పట్టేయడం సులభం. సైఫర్, తాళంచెవి పొడవు, హాష్ ఏవి వాడారో డిస్క్ మీద ఎక్కడా రాసి ఉండదు. క్రిప్ట్‌సెటప్ 2.7 వెర్షన్‌లో ఈ పద్ధతి డిఫాల్ట్ విలువలు మారాయి. డిఫాల్ట్‌ల మీద ఆధారపడితే పాత డిస్క్ కొత్త వెర్షన్‌లో చెత్తగా కనిపిస్తుంది. ప్రతిసారీ అన్ని విలువలూ కమాండ్‌లో మీరే ఇవ్వండి.

ఈ రెండు దారుల్లోనూ ఒకటే లోటు: ఎదుటివాడికి చూపించడానికి ఏమీ ఉండదు. ఏమీ లేని డిస్క్‌ను వెంట పెట్టుకుని తిరగడమే అనుమానానికి తావిస్తుంది.

మరో మాట. వెరాక్రిప్ట్ ప్రోగ్రామ్ లేకుండానే క్రిప్ట్‌సెటప్‌తో వెరాక్రిప్ట్ వాల్యూమ్‌లు తెరవవచ్చు, హిడెన్ వాల్యూమ్ కూడా. లినక్స్ మెషీన్‌లో వెరాక్రిప్ట్ ఇన్‌స్టాల్ చేసిన గుర్తు వద్దనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది.

షఫుల్‌కేక్ అంటే ఏమిటి? అది మెరుగైనదా?

2023లో వచ్చిన లినక్స్ ప్రాజెక్ట్ ఇది. దీని వెనక ఉన్న పరిశోధకులు ఎలియా ఆన్జువోని, టొమ్మాసో గాగ్లియార్డోని. వెరాక్రిప్ట్‌లో ఒక బయటిది, ఒక లోపలిది, అంతే. షఫుల్‌కేక్‌లో ఒకే డిస్క్ మీద 15 వాల్యూమ్‌ల వరకు ఒకదాని వెనక ఒకటి పెట్టుకోవచ్చు. ఒక పాస్‌వర్డ్ కొడితే దానికంటే తక్కువ రహస్యమైనవన్నీ తెరుచుకుంటాయి. డిస్క్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టి, అవసరమైనప్పుడు యాదృచ్ఛికంగా ఏదో ఒక ముక్కను ఏ వాల్యూమ్‌కైనా కేటాయిస్తుంది. అందువల్ల వాల్యూమ్‌లో మీకు నచ్చిన ఫైల్ సిస్టమ్ పెట్టుకోవచ్చు, ఫ్యాట్‌కే కట్టుబడనక్కర్లేదు.

ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ ఇది ప్రయోగ దశలో ఉన్నదని చేసినవాళ్లే చెబుతున్నారు. కెర్నల్ మాడ్యూల్‌ను మీరే కంపైల్ చేసుకోవాలి. లోపలివి తెరవకుండా బయటి వాల్యూమ్‌లను మాత్రమే తెరిచి రాస్తే లోపలివి దెబ్బతినే ప్రమాదం ఇక్కడా ఉంది. దీని మీద పరిశోధన చేయండి, పరీక్షించండి, లోపాలు నివేదించండి. ఒక మనిషి భద్రతను మాత్రం ఇప్పుడే దీనికి అప్పగించవద్దు.

సైఫర్ గట్టిదే కదా, ఇక గుట్టు ఎలా బయటపడుతుంది?

ఆపరేటింగ్ సిస్టమ్ బయటపెడుతుంది. 2008లో బ్రూస్ ష్నయర్, తదయోషి కోనో, వాళ్లతో కలిసి పనిచేసిన పరిశోధకులు వెరాక్రిప్ట్‌కు మూలమైన ట్రూక్రిప్ట్ 5.1ఏ మీద ఒక పత్రం రాశారు. సైఫర్‌ను వాళ్లు తాకనే లేదు. హిడెన్ వాల్యూమ్‌లో ఒక వర్డ్ ఫైలు తెరిచినప్పుడు చుట్టుపక్కల ఏం మిగులుతుందో చూశారు. విండోస్ ఇటీవలి ఫైళ్ల జాబితా కోసం ఒక షార్ట్‌కట్ రాసుకుంటుంది. అందులో ఫైలు పేరు, దారి, తేదీలు మాత్రమే కాదు, అది ఉన్న వాల్యూమ్ సీరియల్ నంబర్ కూడా ఉంటుంది. మీరు చూపించిన బయటి వాల్యూమ్ నంబర్ ఒకటి, షార్ట్‌కట్‌లో ఉన్న నంబర్ మరొకటి. ఇంక చెప్పేదేముంది! వర్డ్ తన ఆటోసేవ్ నకలును ఎన్‌క్రిప్ట్ చేయని డిస్క్ మీద రాసింది. ఫైళ్లను వెతికిపెట్టే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఏకంగా ఫైళ్లలోని పాఠాన్నే తన ఇండెక్స్‌లోకి ఎక్కించుకుంది.

లినక్స్‌లో ఉన్నా మీకు మినహాయింపు లేదు. ఫొటోల థంబ్‌నెయిళ్లు, ఇటీవలి ఫైళ్ల జాబితా, షెల్ హిస్టరీ, సిస్టమ్ లాగ్, రాత్రిపూట ఫైళ్ల పేర్లన్నీ డేటాబేస్‌లోకి చేర్చే లొకేట్, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడే చోటు), హైబర్నేషన్ ఫైలు, వీటిలో ఒక్కటి చాలు. నిరుటి ప్రయాణం ఫొటో థంబ్‌నెయిల్ ఒకటి మిగిలి ఉండి, అసలు ఫొటో మీరు చూపిన డ్రైవ్‌లో ఎక్కడా లేకపోతే ఆ ప్రశ్నను తప్పించుకోలేరు.

హిడెన్ వాల్యూమ్‌ను రోజూ వాడే సిస్టమ్‌లో తెరవకపోవడమే దీనికి సరైన మందు. టెయిల్స్ లాంటి లైవ్ సిస్టమ్ (పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిచే లినక్స్) నుంచి బూట్ చేసి తెరవండి. అది మెమరీలో నడుస్తుంది, కంప్యూటర్ డిస్క్ మీద ఏమీ రాయదు, వెరాక్రిప్ట్ హిడెన్ వాల్యూమ్‌లను తెరవగలదు. టెయిల్స్ సొంత పర్సిస్టెంట్ స్టోరేజ్ (ఫైళ్లు నిలిపి ఉంచే భాగం) మాత్రం దాపరికం ఉన్నది కాదు. ఆ పెన్‌డ్రైవ్ చూసిన ఎవరికైనా అది ఉందని తెలుస్తుంది.

పని అయ్యాక డిస్‌మౌంట్ చేసి ఊరుకోకుండా కంప్యూటర్ పూర్తిగా ఆపేయండి. వాల్యూమ్ తెరిచి ఉన్నంతసేపూ తాళంచెవి ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు తీసేశాక కూడా ర్యామ్ వెంటనే చెరిగిపోదని, చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చేసి చూపించారు.

ఆపరేటింగ్ సిస్టమ్‌నే దాచేస్తే?

వెరాక్రిప్ట్‌లో హిడెన్ ఆపరేటింగ్ సిస్టమ్ అనే ఏర్పాటు ఉంది. చూపించడానికి ఒక విండోస్, దాపరికంగా మరో విండోస్. విండోస్‌కు మాత్రమే, అదీ పాత ఎంబీఆర్ పద్ధతిలో బూట్ అయ్యే మెషీన్లలోనే పనిచేస్తుంది. ఇప్పటి యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో కుదరదు. దీనికోసం పాత మెషీన్ కొనమని నేను చెప్పను.

ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్‌లలో పెట్టవచ్చా?

పెట్టకపోతే మంచిది. ఫ్లాష్ మెమరీ ఒకే చోట పదే పదే రాస్తే అరిగిపోతుంది కాబట్టి, దాని కంట్రోలర్ ప్రతి రాతనూ కొత్త చోటికి మళ్లిస్తుంది. మీరు ఒక సెక్టార్‌ను (డిస్క్‌లోని చిన్న ముక్కను) తిరగరాశాననుకుంటారు, పాత నకలు చిప్‌లో ఎక్కడో ఉండిపోతుంది. చిప్‌లను నేరుగా చదవగలిగినవాడికి ఒకే సెక్టార్‌కు రెండు మూడు కాలాల రూపాలు దొరుకుతాయి. బయటి వాల్యూమ్‌లో ఖాళీ అని చూపించిన చోట సెక్టార్లు ఎందుకు మారాయన్నది జవాబు లేని ప్రశ్న.

ట్రిమ్ ఇంకా సూటిగా పట్టిస్తుంది. ఖాళీ అయిన బ్లాకులేవో ఫైల్ సిస్టమ్ డ్రైవ్‌కు చెబుతుంది, డ్రైవ్ వాటిని సాధారణంగా సున్నాలుగా చూపిస్తుంది. మధ్యలో సున్నాలు కాకుండా మిగిలినదేదో దానికదే బయటపడుతుంది. తిరిగే పళ్లాలున్న పాత రకం హార్డ్ డిస్క్‌లో ఈ రెండు తంటాలూ లేవు. అయితే షింగిల్డ్ రికార్డింగ్ వాడే కొత్త హార్డ్ డిస్క్‌లు కూడా రాతలను చోటు మారుస్తాయి, కొనేముందు చూసుకోండి.

బ్యాకప్ ఎలా తీసుకోవాలి? క్లౌడ్‌లో పెట్టవచ్చా?

కంటైనర్ ఫైలును యథాతథంగా కాపీ చేసి బ్యాకప్ పెట్టుకోకండి. ఈ నెల కాపీ ఒకటి, వచ్చే నెల కాపీ ఒకటి చేతికొస్తే, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ సెక్టార్లు మారాయో చూడటం చిన్న ప్రోగ్రామ్ చేసే పని. బయటి పాస్‌వర్డ్ కూడా మీరు చెప్పేశాక, మారిన సెక్టార్లలో బయటి ఫైళ్లవి ఏవి, ఖాళీ స్థలంలోవి ఏవి అన్నది తేలిపోతుంది. ఖాళీ స్థలం తనంతట తాను మారదు. పాత వెర్షన్లు దాచి ఉంచే క్లౌడ్ సర్వీసులో పెడితే ఈ పోలికకు కావలసిన సరంజామా అంతా మీరే సిద్ధం చేసి ఇచ్చినట్టు. ఫైల్ సిస్టమ్ స్నాప్‌షాట్‌లు (పాత స్థితి నకళ్లు), జర్నలింగ్ (మార్పులను విడిగా రాసుకునే పద్ధతి) కూడా ఇదే పని చేస్తాయి.

ఒకే డిస్క్ రెండుసార్లు ఎదుటివాడి చేతిలో పడటం కూడా ఇలాంటిదే. వెళ్లేటప్పుడు సరిహద్దులో కాపీ తీసుకుని, వచ్చేటప్పుడు మళ్లీ తీసుకుంటే మీ హిడెన్ వాల్యూమ్ పని అయిపోయినట్టే లెక్క. ఇప్పుడు జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్ ఏదీ దీన్ని తట్టుకోదు. పరిశోధనా పత్రాల్లో మార్గాలున్నాయి, 2014 నాటి హైవ్ వాటిలో ఒకటి. వేగం బాగా తగ్గిపోవడం వల్ల అవి రోజువారీ వాడకంలోకి రాలేదు. డిస్క్ ఒకసారి చేయి దాటి వచ్చిందా, దాన్ని మళ్లీ వాడకండి.

సరైన బ్యాకప్ అంటే వేరే డిస్క్ మీద కొత్త కంటైనర్, కొత్త హిడెన్ వాల్యూమ్ తయారుచేసి, రెండింటినీ తెరిచి ఫైళ్లను కాపీ చేసుకోవడం. అప్పుడు తాళంచెవులు వేరవుతాయి, పోల్చడానికి ఏమీ ఉండదు. హెడర్ పాడైపోతుందన్న భయం ఉంటే వెరాక్రిప్ట్ హెడర్ బ్యాకప్ వాడుకోండి. హిడెన్ వాల్యూమ్ ఉన్నా లేకపోయినా ఆ బ్యాకప్ ఫైలులో రెండు చోట్లూ ఉంటాయి కాబట్టి అది గుట్టు విప్పదు.

పాస్‌వర్డ్‌లు ఎలా ఉండాలి?

రెండింటికీ ఏ పోలికా ఉండకూడదు. మొదటిది చెప్పాక దాని చివర ఒక అంకె మార్చి చూడటం ఎవరికైనా తట్టే పనే. బయటిది కూడా గట్టిగానే ఉండాలి, లేకపోతే ఇంత బలహీనమైనది పెట్టావంటే ఇది అసలుది కాదంటారు.

పిమ్ అనేది పాస్‌వర్డ్‌తోపాటు ఇచ్చే సంఖ్య. మామూలు కంటైనర్లకు హాష్ ఎన్నిసార్లు చేయాలన్నది 15,000కు పిమ్‌ను వెయ్యితో గుణించి కలిపితే వస్తుంది. ఏమీ ఇవ్వకపోతే 485 అనుకుంటుంది, అంటే 5,00,000 సార్లు. పాస్‌వర్డ్ 20 అక్షరాలకంటే తక్కువుంటే 485 కన్నా చిన్న పిమ్‌ను వెరాక్రిప్ట్ ఒప్పుకోదు.

"ఇంకో పాస్‌వర్డ్ కూడా ఉంది, చెప్పు" అంటే ఏం చేయాలి?

ముందు చెప్పిన రెండో సగం ఇక్కడికే వస్తుంది. వెరాక్రిప్ట్‌లో హిడెన్ వాల్యూమ్ ఉంటుందని మీకెంత తెలుసో ప్రశ్నించేవాడికీ అంతే తెలుసు. మీరు మొదటి పాస్‌వర్డ్ చెప్పాక అతను ఆగడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. నిజంగా రెండోది లేని మనిషి కూడా లేదని నిరూపించుకోలేడు. జూలియన్ అసాంజ్, సులెట్ డ్రేఫస్, రాల్ఫ్ వైన్‌మన్ 1990ల చివర రాసిన రబ్బర్‌హోస్ ఈ అనిశ్చితినే ఆయుధంగా మలచాలని చూసింది. ఎన్ని పొరలున్నాయో ఎప్పటికీ తేలదు కాబట్టి హింసించినా లాభం లేదని ప్రశ్నించేవాడు గ్రహిస్తాడన్నది దాని వెనకున్న ఆలోచన. నాకు ఈ వాదన మీద నమ్మకం లేదు. ఎప్పటికీ తేలదంటే ఎప్పటికీ ఆపనక్కర్లేదన్న అర్థం కూడా వస్తుంది. చట్టం, న్యాయవాది, కోర్టు అందుబాటులో ఉన్నచోట "రుజువు లేదు" అన్న మాటకు విలువుంది. అవి లేనిచోట హిడెన్ వాల్యూమ్ మిమ్మల్ని ఇంకా ప్రమాదంలోకి నెట్టవచ్చు.

చట్టాలు దేశాన్నిబట్టి ఉంటాయి. బ్రిటన్‌లో 2000 నాటి ఆర్‌ఐపీఏ చట్టం 49వ సెక్షన్ కింద నోటీసు ఇస్తే తాళంచెవి ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండేళ్ల వరకు, జాతీయ భద్రత లేదా పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన కేసుల్లో ఐదేళ్ల వరకు జైలు. భారత ఐటీ చట్టం 69వ సెక్షన్‌లో ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అమెరికాలో స్వయం నేరారోపణకు వ్యతిరేకంగా ఉన్న హక్కు పాస్‌వర్డ్‌లకు ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై కోర్టులు భిన్నంగా తీర్పులిచ్చాయి. మౌనంగా ఉండటం, అధికారికి అబద్ధం చెప్పడం చాలాచోట్ల ఒకటి కావు. మౌనానికి రక్షణ ఉన్నచోట కూడా అబద్ధం విడి నేరం కావచ్చు. ప్రయాణానికి ముందే న్యాయవాదిని అడగండి.

ట్రూక్రిప్ట్ ఇంకా వాడవచ్చా?

వద్దు. 2004లో మొదలైన ట్రూక్రిప్ట్‌ను దాని అజ్ఞాత రచయితలు 2014 మే నెలలో హఠాత్తుగా ఆపేశారు. ఇది సురక్షితం కాదు, సరిచేయని లోపాలు ఉండవచ్చని పేజీలో పెట్టి వెళ్లిపోయారు. తర్వాత 2015లో పూర్తయిన ఆడిట్‌లో దొంగదారులేవీ దొరకలేదు, అయినా పదేళ్లకు పైగా ఎవరూ సరిదిద్దని కోడ్ అది. మునీర్ ఇద్రాసీ 2013లో ట్రూక్రిప్ట్ కోడ్ నుంచే వెరాక్రిప్ట్ ప్రారంభించారు. 2016లో క్వార్క్స్‌ల్యాబ్ దాన్ని ఆడిట్ చేసి తీవ్రమైన లోపాలు చూపించింది, చాలావాటిని వెంటనే సరిచేశారు. పాత ట్రూక్రిప్ట్ కంటైనర్లు ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: వెరాక్రిప్ట్ 1.26 నుంచి వాటిని తెరవదు. అంతకు ముందరి వెర్షన్‌తో గానీ క్రిప్ట్‌సెటప్‌తో గానీ తెరిచి కొత్త కంటైనర్‌లోకి మార్చుకోండి.

హిడెన్ వాల్యూమ్ ఇక వద్దనుకుంటే ఎలా తీసేయాలి?

బయటి వాల్యూమ్‌ను ఫైళ్లతో నిండా నింపితే లోపలి డేటా చెరిగిపోతుంది గానీ హెడర్ చెరగదు. అది బయటి ఫైళ్లు చేరని చోట, 65,536వ బైటు దగ్గర, ఫైలు చివర నకలుగానూ అలాగే ఉంటుంది. పాత పాస్‌వర్డ్ తెలిసినవాడికి అది తెరుచుకుని ఒకప్పుడు ఇక్కడ హిడెన్ వాల్యూమ్ ఉండేదని చెబుతుంది. కాబట్టి బయటి ఫైళ్లను వేరే చోటికి తీసి, అదే డిస్క్ మీద కొత్త మామూలు కంటైనర్‌ను పూర్తి ఫార్మాట్‌తో తయారుచేయండి. రెండు హెడర్ చోట్లూ కొత్త బైట్లతో నిండుతాయి. విడిగా తీసి ఉంచిన పాత హెడర్ బ్యాకప్‌లు ఉంటే వాటినీ తుడిచేయాలి. ఎస్‌ఎస్‌డీ మీద మాత్రం ఇంతచేసినా పాత హెడర్ ఏదో ఒక అరలో మిగిలి ఉండే అవకాశం ఉంది. అక్కడ నమ్మదగిన దారి ఆ డ్రైవ్‌ను భౌతికంగా నాశనం చేయడమే.